ముసలి చెట్లు చెప్పని కరువు

గట్టెక్కిన నలభై ఆరో ఏడు, రోహిణి కార్తె

పొద్దున లేవగానే, రాత్రి చెమ్మ పట్టే మంచువలలు పిండాను. ఈ ఎండలకు గాలిలో చెమ్మన్నదే లేదు. బిందె అడుగు తడిసిందంతే. ఆ కాసిన్ని నీళ్లూ మా అత్త గంగులమ్మకు మొహం కడుక్కోవడానికి ఇచ్చి, నేను తడిగుడ్డతో సరిపెట్టుకుని వలయాల గదికి వెళ్లాను.

కోదండపాణి మాస్టారు అప్పటికే బల్ల మీద పొడవాటి కాగితం పరిచి ఉన్నారు. ఇరవై ఏళ్లుగా ఆయనా, పదేళ్లుగా ఆయన దగ్గర నేనూ చేసిన పనంతా ఆ కాగితం మీద ఒకే ఒక్క గీత. లోయలోని ముసలి టేకు చెట్లకు బోలు బరమాతో సన్నటి రంధ్రం వేసి, పెన్సిలంత పుల్లను బయటికి లాగుతాం. దాన్ని నున్నగా రుద్ది భూతద్దం కింద వలయాలు కొలుస్తాం. టేకు వానలకు పెరుగుతుంది, చలికి ఆకు రాల్చి ఆగుతుంది. అలా ఏడాదికొక వలయం. వెడల్పుగా ఉంటే మంచి వాన, సన్నగా ఉంటే కరువు. కింది నగరాల్లో వానల లెక్కలు దాచిన యంత్రాలన్నీ సముద్రంలో కలిసిపోయాయి. మాకు మిగిలిన సాక్షులు ఈ చెట్లే.

మా కొండగట్టు మీద వాన కొలవడం మొదలుపెట్టి ఏడేళ్లే అయింది. అంతకుముందు ఆ అవసరం రాలేదు. కొండ కడుపులోంచి ఊట ఉరికేది. ఆ నీళ్లతో గదుల్లో, దీపాల వెలుగు కింద పైర్లు పండించుకునేవాళ్లం. బయట వాన పడ్డా మానినా ఎవరికీ పట్టేది కాదు. ఏడేళ్ల కింద భూమి కంపించి ఊట దారి మళ్లింది. మాకందనంత లోతుకు దిగిపోయింది. అప్పటినుంచీ వాననీళ్లను కొండగుహలోకి మళ్లించి బొట్టు బొట్టూ కూడబెట్టాం. అది కరువు నిల్వ. దాని మీద చెయ్యి వెయ్యకూడదని కట్టుబాటు.

మధ్యాహ్నం సభ పెద్ద భ్రమరాంబ వచ్చింది. సముద్రం మరికొంత నేల మింగేయడంతో పోయిన నెల తీరం నుంచి రెండు వందల కుటుంబాలు గట్టెక్కాయి. దీపాల మడులు ఖాళీగా ఉన్న గదుల్లోనే వాళ్ల కాపురం. వాళ్లు వచ్చాక ఇంటింటికీ ఇచ్చే గింజలు సగమయ్యాయి.

"మాస్టారూ, నాకీ గీతలు అర్థం కావు. ఒక్కమాట చెప్పండి. వరసగా రెండేండ్లు వాన తప్పిపోయేది ఉంటాదా?"

"నూట యాభై ఏళ్లుగా ఒక్కసారీ లేదమ్మా. ఇదిగో, అంతకుముందు వానలు పిచ్చివి. ఒక ఏడు ముంచడం, మూడేళ్లు ఎండగట్టడం. తర్వాత నెమ్మదించాయి. గీత చూడు, ఎంత సమంగా నడుస్తోందో."

ఆమె గీతను చూడలేదు. ఆయన మొహాన్నే చూసింది.

"అయితే హస్తలో గుహ తూము తెరిపిస్తా. కింది చేలకు నీళ్లు పెట్టి రెండో పంట తీస్తాం. వచ్చినోళ్లు మన కండ్ల ముందర ఎండిపోతా ఉంటే, నీళ్లు దాచుకోని కూచోలేను."

నాకు సంతోషమేసింది. మా పని ఒకరి కడుపు నింపబోతోందని ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి వినడం.

మృగశిర కార్తె

వాన జాడ లేదు.

సభకు ఇవ్వడానికి గీతను శుభ్రంగా తిరగరాసే పని మాస్టారు నాకు అప్పగించారు. రాస్తూ రాస్తూ, మేం స్వయంగా కొలిచిన ఏడేళ్ల వానను దాని పక్కన పెట్టి చూశాను. ఆ ఏడేళ్లలో రెండేళ్లు వాన సగమే పడింది. ముసలి చెట్లలో ఆ రెండు వలయాలూ మిగతావాటిలాగే ఉన్నాయి. కరువు వాటిని తాకనే లేదు.

నలభై చెట్ల పుల్లలనూ బయటికి తీసి, ఇన్నాళ్లూ కలిపి చూసినవాటిని విడివిడిగా, వాటి వాటి ఈడు ప్రకారం పేర్చాను. చాలావాటికి రెండు వందల యాభై ఏళ్ల పైన. మూడు మాత్రం వాటికంటే నూరేళ్లు చిన్నవి. పెద్దవన్నీ చిన్నతనంలో ఎగుడుదిగుళ్లు చూపించి, ఎప్పుడో నెమ్మదించాయి. ఆ మూడూ మాత్రం పెద్దవి నెమ్మదించాక కూడా ఎగిరెగిరి పడుతూనే ఉండి, తమకూ నూరేళ్లు నిండాక గానీ నెమ్మదించలేదు.

వాన నెమ్మదిస్తే చెట్లన్నీ ఒకే ఏడు నెమ్మదించాలి. ఒక్కొక్కటి తన వయసును బట్టి నెమ్మదించిందంటే, మారింది వాన కాదు. చెట్లు ముసలివయ్యాయి.

మాస్టారికి చూపించాను. ఆయన చాలాసేపు భూతద్దం దించలేదు.

"మూడు చెట్లు, వకుళా. కొండచరియ మీద పెరిగినవి. ఏ తెగులో తగిలి ఉండొచ్చు. ముప్పై ఏడింటిని కాదని మూడింటిని నమ్మమంటావా?"

"ముప్పై ఏడూ ముసలివి మాస్టారూ. వాటి వేళ్లు ఊటదాకా దిగాయి. పైన వాన పడినా పడకపోయినా వాటికి ఒకటే."

"ఊట పోయి ఏడేళ్లయింది."

"మనకు పోయింది. వేళ్లకు పోలేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. గొంతు పెంచలేదు గానీ మాట గట్టిపడింది. "సరే. పడుచు చెట్లలో చూపించు. పై నీళ్లే తాగే చెట్లలో కరువు చూపిస్తే ఒప్పుకుంటాను."

అడవిలో పడుచు టేకు లేదు. మొలకెత్తినదల్లా మా మేకలే మేసేశాయి. గట్టు మీద పడుచు టేకు ఉన్నది ఒక్క పోయినవాళ్ల పేర్లతోటలోనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు.

ఆర్ద్ర కార్తె

అన్నాను. సభలో, అందరి ముందూ.

గట్టు మీద ఎవరు పోయినా వాళ్ల బూడిద మీద ఒక టేకు మొక్క నాటుతాం. చెట్టు మొదట్లో ఒక రాయి, దాని మీద పేరూ, నాటిన ఏడూ. ఆ తోటలో ఇనుము అన్నది చెట్టుకు తగలకూడదు. పండుటాకును కూడా రాలేదాకా ఆగి ఏరుకుంటాం. అలాంటి చోట బరమా దించుతానన్నాను.

గట్టు వాళ్లలో చెంచురామయ్య లేచి, "నీ మొగుడి చెట్టుకైనా దించుతావా?" అన్నాడు. దించుతానన్నాను. ఆడవాళ్లలో ఎవరో చీత్కరించారు.

తీరం వాళ్ల తరఫున వచ్చిన నూకరత్నం చంకలో చంటిదాన్ని ఎత్తుకుని ముందుకు వచ్చింది. మనిషి వెదురుబద్దలా ఉంది.

"ఏటమ్మా, సెట్టుకి బొక్కెట్టి మా కూడు లాగేత్తావా? పంటేత్తామని మీ పెద్దమ్మగారే సెప్పినారు. ఆ మాట మీదే పేణాలు పట్టుకుని ఉన్నాం."

ఆమె చంకలో పిల్ల నా వైపే చూస్తోంది, ఏడవకుండా. ఆ వయసు పిల్లలు అంతసేపు ఏడవకుండా ఉండటం మంచిది కాదు.

భ్రమరాంబ కర్రతో నేలను తట్టింది. "నేను ఆర్డరు వెయ్యను. ఎవరి చెట్టు వాళ్లిష్టం. వాళ్లు సరేనంటే చెయ్యి. మఖలో మళ్లీ కూచుంటాం. అప్పటికి నువ్వేం చూపించలేకపోతే తూము తెరిచేది తెరిచేదే."

బయటికి వచ్చాక మాస్టారు అన్నారు: "చారుమతి చెట్టు జోలికి రాకు."

చారుమతి ఆయన కూతురు. గట్టెక్కిన తొలి ఏళ్లలో జ్వరంతో పోయింది. నేను అప్పటికి పుట్టలేదు.

పునర్వసు కార్తె

నా మాట చెల్లాలంటే ముందు నా ఇంటి నుంచే మొదలుపెట్టాలి. నా భర్త శేషశాయి చెట్టుకు పన్నెండేళ్లు. నా రెండు చేతుల్లో ఇముడుతుంది. బరమా మొన ఆనించి, తిప్పలేక చాలాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత తిప్పాను. పడుచు చెక్క మెత్తన. ముసలివాటిలా మొరాయించలేదు. పుల్ల లాగి, రంధ్రాన్ని తేనెమైనంతో మూశాను. చెట్టుకేమీ కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా మైనాన్ని మళ్లీ మళ్లీ అదిమి చూశాను.

ఇంటికి వచ్చేసరికి అత్తకు కబురు అందింది.

"నా కొడుకును పొడిచొచ్చినావా?"

"కాదత్తా..."

"పో. నా కంటబడొద్దు."

పన్నెండేళ్లుగా పక్కపక్కనే కూర్చుని తింటున్నాం. ఇవాళ ఆమె తన పళ్లెం తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఆ పుల్లను రుద్ది చూశాను. వాన సగం పడిన ఆ రెండేళ్లూ దారమంత సన్నగా, ఎవరు చూసినా కనబడేటంత స్పష్టంగా ఉన్నాయి. ముసలి చెట్లు దాచినదాన్ని శేషశాయి చెట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది.

పుష్యమి కార్తె

ఇంటింటికీ తిరుగుతున్నాను. కొందరు తలుపు తియ్యలేదు. కొందరు తీసి, కూర్చోబెట్టి, పోయినవాళ్ల గురించి పొద్దుగూకేదాకా చెప్పి, చివరికి వద్దన్నారు. ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఎనిమిది చెట్లు దొరికాయి, రకరకాల ఈడువి.

రకరకాల ఈడువి దొరకడం ముఖ్యం. ఏ చెట్టయినా చిన్నప్పుడు ఆబగా పెరుగుతుంది, వలయాలు వెడల్పుగానే వస్తాయి. ఆ వయసు పొంగును తీసేశాకే వాన సంగతి తేలుతుంది. ఈడు వేరైన చెట్లు ఒకే ఏడు సన్నబడితే, ఆ తప్పు వయసుది కాదు, ఆకాశానిది.

ఎనిమిదింటిలో అన్నిటికన్నా పెద్దది ఓబులేసు తాత చెట్టు, గట్టెక్కిన మొదటి ఏడు నాటినది. అందులో ఎనిమిదో ఏటి నుంచి పదకొండో ఏటిదాకా నాలుగు వలయాలు, ఒకదాని పక్కన ఒకటి, భూతద్దంలో కూడా కష్టం మీద విడదీసేంత సన్నగా ఉన్నాయి. నాలుగేళ్లు. వరసగా.

మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన చూసి, "ఆ చెట్టు గోడ పక్కది. గోడ నీడ పడేది" అన్నారు.

"నాలుగేళ్లే పడి, ఆ తర్వాత మానేసిందా నీడ?"

"ఒక్క చెట్టు మాట సాక్ష్యం కాదు. నీకు నేర్పిందే అది."

నిజమే, నేర్పింది ఆయనే. ఆ ఏళ్లను చూసిన చెట్లు తోటలో మొత్తం మూడు. ఒకటి ఓబులేసు తాతది. ఒకటి చెదలు తిని లోపల డొల్ల. మూడోది చారుమతిది.

ముసలివాళ్లను అడిగి చూశాను. ఆ రోజుల్లో బయట దుమ్ము లేచేదని ఒకరన్నారు. లేదు, చలి ఎక్కువన్నారు మరొకరు. ఊట ఉన్నంతకాలం కిటికీ తీసి చూసినవాళ్లే లేరు.

ఆశ్లేష కార్తె

మబ్బు పడుతోంది, తేలిపోతోంది. కింద చేలు చదును చేయడం మొదలైంది. తీరం వాళ్లు పార పట్టుకుని పాడుకుంటూ పనిచేస్తున్నారు. పస్తుల మీద పాట ఎలా వస్తుందో నాకు తెలియదు. ఆ పాట వినబడినప్పుడల్లా, నేను తప్పైతే బాగుండునని ఉంది.

మధ్యాహ్నం పేర్లతోటలో మైనం పెట్టిన చోట్లు చూసుకుంటుంటే మాస్టారు వచ్చారు. భుజాన బరమా ఉంది. నన్ను పలకరించలేదు. నేరుగా చారుమతి చెట్టు దగ్గరికి వెళ్లి బెరడు మీద అరచెయ్యి పెట్టారు.

"కట్టుబాటని వద్దన్నాననుకున్నావా?"

మైనం ముద్ద పక్కన పెట్టి లేచాను.

"లోపల ఆ సన్న గీతలుంటే నా ఇరవై ఏళ్లు గాల్లో కలిసిపోతాయని భయం. ఆ భయానికి దీని పేరు అడ్డం పెట్టుకున్నాను. బిడ్డ పేరు అందుకు వాడుకోకూడదు."

బరమా ఆయనే తిప్పారు. డెబ్భై దాటిన మనిషి. సాయం పడతానంటే తల అడ్డంగా ఊపారు. సగంలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ తిప్పారు. పుల్ల బయటికి వచ్చింది. తాజా టేకు వాసన. అక్కడే రాతి మీద కూర్చుని, జేబులోంచి గరుకు కాగితం తీసి తానే రుద్దారు. భూతద్దం నా చేతికిచ్చారు.

"నువ్వు చదువు. నా కళ్లు మసకగా ఉన్నాయి."

నడిమి నుంచి చదివాను. మొదటి మూడు వెడల్పు.

"వాళ్లమ్మ" అన్నారు. "రోజూ ఊట నీళ్లు మోసుకొచ్చి పోసేది, మూడేళ్లు. తర్వాత మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేకపోయింది."

నాలుగో వలయం నుంచి సన్నబడింది. ఎనిమిదో ఏడు. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు నుంచి మళ్లీ వెడల్పు. ఓబులేసు తాత చెట్టు కంటే ఇది నాలుగేళ్లు చిన్నది, గోడకు దూరం, మెట్లకు అవతల. అయినా అవే ఏళ్లు.

పుల్లను ఆయన చేతిలో పెట్టాను. వేలితో తడిమారు.

"నాలుగేళ్లు దప్పికతో నిలబడిందమ్మా ఇది. మేం ఇంట్లో కూర్చుని ఊట నీళ్లు తాగాం. తెలియలేదు."

మఖ కార్తె

మఖ, పుబ్బ వరుపైతే మహాక్షామమని సామెత. మఖ వచ్చింది. ఒక్క ఉరుమూ లేదు. సభ కూర్చుంది.

నేను చెప్పాల్సింది మాస్టారే చెప్పారు. పొడవాటి కాగితాన్ని అందరి ముందూ విప్పి, "ఇది వానల గీత అని మీకు చెప్పాను. ఇది చెట్లు ముసలివైన గీత. నేను పొరబడ్డాను" అన్నారు. తర్వాత రెండు పుల్లలను భ్రమరాంబ చేతికిచ్చారు. ఆమె వాటిని వెలుగుకు పెట్టి చూసింది. ఈసారి మొహం వైపు కాదు, వలయాల వైపే చూసింది.

"నాలుగేండ్లా?"

"నాలుగు. మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. రాదని మాత్రం చెప్పలేం."

"నిల్వ ఎన్నాళ్లొస్తాది?"

"తాగడానికే వాడితే," నేనన్నాను, "కొత్తగా వచ్చినవాళ్లతో కలిపి నాలుగేళ్లు. పంటకు వదిలితే ఈ ఏడే అయిపోతుంది. మళ్లీ నిండాలంటే మంచి వానలే ఏడేళ్లు పడాలి."

చెంచురామయ్య లేచాడు. "అయితే మనమే ఉన్నప్పుడు నిల్వ ఎన్నాళ్లొచ్చేది? వాళ్లను కిందికి పంపిస్తే..."

నూకరత్నం అతని మాట పూర్తి కానివ్వలేదు. "యే కిందికి బాబూ? కింద సముద్రం ఉన్నాది. తోసీ. నీ సేత్తోనే తోసీ."

అతను కూర్చున్నాడు.

"పంట లేదంటే," ఆమె నా వైపు తిరిగింది, "ఈ ఏడు మా పిల్లగుంటలేటి తినాలి? నువ్వే సెప్పు. లెక్కలు నువ్వే కదా కట్టినావు."

ఆ ప్రశ్నకు వలయాల్లో జవాబు లేదు. ఆ మాటే అన్నాను. నా ఇంటి గింజల్లో సగం ఇస్తానన్నాను. వెనక నుంచి, "మా ఇంటి గింజలంటే నావి కూడా ఉండాయి. ఇస్తా" అన్న మాట వినబడింది. గంగులమ్మ. నా వైపు చూడలేదు, భ్రమరాంబకు చెబుతోంది. తర్వాత మరొకరు. మరికొందరు తల దించుకున్నారు.

చివరికి చేతులెత్తించారు. తూము మూసే ఉంచాలని, మేకల మందను సగం కోసి అందరికీ పంచాలని, గట్టు మీద అందరూ ఒంటిపూట తినాలని తీర్మానం. స్వల్ప తేడాతో నెగ్గింది. నేను చెయ్యి ఎత్తాను. నూకరత్నం ఎత్తలేదు. ఆమె కళ్లు నా చేతి మీదే ఉన్నాయి.

ఉత్తర కార్తె

నూకరత్నం చంటిది పోయింది. విరేచనాలు పట్టుకుంటే, నిలదొక్కుకునేంత సత్తువ ఆ ఒంట్లో లేదు.

తోటలో మొక్క నాటారు. నేను వెళ్లి దూరంగా నిలబడ్డాను. దగ్గరికి రమ్మని ఎవరూ అనలేదు. పంట వేసి ఉన్నా, అది ఇంటికి చేరేసరికి ఆ పిల్ల బతికి ఉండేది కాదని మాస్టారు అన్నారు. అది నిజం. ఆ నిజాన్ని తీసుకెళ్లి ఆ తల్లికి చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పే హక్కు కూడా లేదు.

గట్టెక్కిన నలభై ఎనిమిదో ఏడు, పుబ్బ కార్తె

పోయినేడు వాన సగం కూడా పడలేదు. ఈ ఏడు అదీ లేదు. లోయలో ముసలి టేకులు మాత్రం ఎప్పటిలాగే పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. పేర్లతోటలో లేత మొక్కలు కొన్ని ఎండిపోయాయి.

గుహ చిన్న తూము ఇవాళ తెరిచారు, తాగడానికి మాత్రమే. మనిషికి రెండు చెంబులు. లోపల నీటిమట్టం చూసినవాళ్లు బయటికి వచ్చి నవ్వారంతే. చాలాకాలానికి చూశాను ఆ నవ్వు. భ్రమరాంబ తూము పక్కన కర్రకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరి మొహాలనూ చూస్తోంది. మాస్టారు మంచం దిగడం లేదు. ఆయన వంతు కూడా నేనే పట్టుకోవాలి.

వరసలో నా ముందు నూకరత్నం. ఈ రెండేళ్లలో ఆమె నాతో ఒక్కమాటా మాట్లాడలేదు. ఇంటిల్లిపాది వంతుతో ఆమె బిందె నిండింది. ఎత్తుకోకుండా నిలబడిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు సెప్పిందే నిజమైనాది. ఈ నీళ్లు లేకపోతే నా పెద్దోడు కూడా ఉండడు. ఆ ముక్క నాకు తెలుసు."

నా బిందె కింద పెట్టాను.

"తెలిసినా నిన్ను సూత్తే మండుతాది. అది సల్లారదు."

"చల్లారక్కర్లేదు" అన్నాను.

ఆమె వంగి బిందె అంచు పట్టుకుంది. మళ్లీ ఆగింది.

"ఈ కరువు ఇంకెన్నేళ్లు ఉంటాది?"

వెనక వరసంతా వింటోంది. ఏదో ఒక అంకె నాలుక చివరిదాకా వచ్చింది. ఒకటనో, రెండనో. ఏ అంకె చెప్పినా ఆ క్షణానికి అందరికీ ఊరటే.

"తెలియదు, నూకరత్నం. ఏ చెట్టూ అది చెప్పదు."

ఆమె నా మొహంలోకి చూసింది. తల ఊపింది.

"సరే. తెలీనప్పుడు తెలీదనే సెప్పు. బిందెకో సెయ్యెయ్యి."

చెరో అంచూ పట్టుకుని బిందె ఆమె తల మీదికి ఎత్తాం. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.